జావలో కలిపిన నూనె

ఆత్మకూరులో నా గురించి ఒక మాట తిరుగుతోంది. బాటనీ మేడమ్ గంజాయి తాగి క్యాన్సర్ తగ్గించుకుందట. మొన్న టైలరు దగ్గర జాకెట్టుకు కొలతలిస్తుంటే, పక్కనున్నావిడ నా ముఖం చూస్తూనే ఆ మాట ఇంకొకామె చెవిలో వేసింది. నాకు వినబడాలనే వేసిందనుకుంటాను. ఆ మాటలో తప్పులు రెండు. నేను ఏ పొగా తాగలేదు. నా జబ్బు తగ్గింది కత్తివల్ల, కీమోవల్ల, ఆ తర్వాత పెట్టిన కరెంటువల్ల, అంటే రేడియేషన్‌వల్ల.

అలాగని ఆ మొక్కకూ నాకూ ఏ సంబంధమూ లేదని బుకాయించను. ఒకసారి దాన్ని నాకు చెప్పకుండా నా కడుపులోకి పంపారు. ఆసుపత్రి పాలయ్యాను. ఇంకోసారి నేనే నోరు తెరిచి అడిగి, డాక్టరు చీటీ మీద తెచ్చుకుని, చుక్కలు లెక్కపెట్టుకుని వాడాను. మొదటిదాన్ని మావాళ్లు ప్రేమ అన్నారు. రెండోదాన్ని ఊరు సిగ్గుమాలినతనం అంది. రెండు మాటల్నీ నేను ఒప్పుకోను. అందుకే రాస్తున్నాను.

జూన్, జూలై

కాలేజీలు తెరిచిన వారం అది. ఆత్మకూరులో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో పద్దెనిమిదేళ్లుగా వృక్షశాస్త్రం చెబుతున్నాను. పేరు కామాక్షి. పుట్టింది ఉదయగిరి దగ్గర పల్లెలో. మా నాయన పెంచలయ్య ఈరోజుకీ గొర్రెలు మేపుతాడు. నా భర్త శ్రీనివాసులు బస్సు డిపోలో మెకానిక్. మాకు పిల్లలు లేరు. ఇంట్లో ఇద్దరమే.

స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో గడ్డ చేతికి తగిలింది, చింతగింజంత. నొప్పి లేదు. అడ్మిషన్ల హడావిడిలో పదిహేను రోజులు దాన్ని పట్టించుకోలేదు. ఇది చదివే ఆడవాళ్లకు ఇక్కడే ఒక మాట చెప్పాలి. నొప్పి లేదు కదా అని ఊరుకోవద్దు. నేను చదువుకున్నదాన్నే, ఊరుకున్నాను.

నెల్లూరు ఆసుపత్రిలో పేరు పిలిచేదాకా ఇనుపకుర్చీల్లో కూర్చోవాలి. కుర్చీలన్నీ ఒకదానికొకటి బిగించి ఉంటాయి. చివర కూర్చున్నవాళ్లు కాలు ఊపితే ఆ అదురు ఈ చివరకొస్తుంది. ఆరోజు మా వరుసలో అందరి కాళ్లూ ఊగుతున్నాయి. రిపోర్టు చూసి డాక్టరమ్మ చెప్పాల్సింది నెమ్మదిగా చెప్పింది. శ్రీనివాసులు ఒకే ప్రశ్న మూడుసార్లు అడిగాడు.

"ఎందుకొచ్చింది మేడమ్? ఈమె ఏ చెడు అలవాటూ లేనిది. ఎందుకొచ్చింది?"

మూడుసార్లూ ఆమె విసుక్కోకుండా జవాబిచ్చింది. తెలియదు అని.

విషయం తెలిసి నాయన మరునాడే బస్సెక్కి వచ్చాడు. తువ్వాలు భుజం మీద సర్దుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు. "గొర్రెకి గడ్డ లేస్తే కోసి తీసేస్తాం పాపా. నాలుగు దినాలు మూలుగుతాది. అయిదో దినం మళ్లా మేతకొస్తాది. నీకూ తీస్తారు. దీనికి ఏడుపెందుకు?" అన్నాడు. ఏడుస్తున్నది ఆయనే.

జూలైలో ఆపరేషన్ అయింది. ఎడమవైపు మొత్తం తీసేశారు. కుట్లు మానాక జాకెట్టులో దూది పెట్టుకోమని నలుగురు సలహా ఇచ్చారు. పెట్టుకోలేదు. నాలో లేనిది ఉన్నట్టు ఎవరికోసం చూపించాలి? పైట ఎప్పుడూ వేసుకునేట్టే వేసుకుని కాలేజీకి పోయాను. మొదటి రెండు రోజులు పిల్లలు బోర్డుకేసి కాకుండా నాకేసి చూశారు. మూడోరోజు నుంచి మామూలుగా అల్లరి చేశారు. ఆ అల్లరి వినబడ్డప్పుడు నాకెంత ధైర్యం వచ్చిందో వాళ్లకు తెలియదు.

ఆగస్టు

మొదటి కీమో మందు ఎర్రగా ఉంటుంది. వార్డులో అందరూ దాన్ని ఎర్రమందు అనే అంటారు. గుండె మీద ప్రభావం పడొచ్చు, ఆయాసమొచ్చినా దడ వచ్చినా వెంటనే రమ్మని డాక్టరమ్మ ముందే చెప్పింది. దడ రాలేదు. వాంతులు వచ్చాయి. నీళ్లు తాగితే వాంతి, పోపు వాసనకు వాంతి, పక్కింటి సబ్బు వాసనకు వాంతి. నోట్లో ఎప్పుడూ ఇనుము రుచి. స్టీలు చెంచా పెదవికి తగిలితే తుప్పు నాకినట్టుండేది.

రెండో కీమోకు పోయినప్పుడు పక్క మంచం మీద వరికుంటపాడు నుంచి వచ్చిన ఒక పెద్దామె ఉంది. నా అవస్థ చూసి, కొంగున కట్టుకున్న ఉప్పు ఉసిరికాయ ముక్క తీసి నా అరచేతిలో పెట్టింది. "నమలబాక. నాలిక కింద పెట్టుకో. ఊరతా ఉంటాది" అంది. ఆ మాటా, నోట్లో ఇనుము రుచి సంగతీ నాయనకు చెబితే, వారం తిరక్కముందే ఉదయగిరి నుంచి రెండు చెక్క చెంచాలు పట్టుకొచ్చాడు. చెంచాలు చెక్కే ఆవిడకు సంగతి చెప్పాడట. "ఇనప రుచి తగలకూడదంటే అంచు పలచగా ఉండాల" అని ఆమె ప్రత్యేకంగా కూర్చుని చెక్కిచ్చిందట. వాటితోనే తిన్నాను, తిన్నంత.

జుట్టు మూడోవారంలో రాలడం మొదలుపెట్టింది. దిండు మీద, అన్నంలో, సుద్దముక్కల డబ్బాలో. రాలేదాకా ఎదురుచూడడం నా వల్ల కాలేదు. మంగలిని ఇంటికి పిలిపించి తీయించేసుకున్నాను. ఎండకు తప్ప గుడ్డ కట్టలేదు.

సెప్టెంబరు

మా బావగారు మాలకొండయ్య కలిగిరిలో ఉంటాడు. శ్రీనివాసులుకు అన్న. గొర్రెల వ్యాపారం, రెండు బోర్ల పొలం, ఊళ్లో పంచాయితీ అంటే ముందుకుర్చీ. మనిషి మంచివాడే. తాను అనుకున్నది అందరికీ మంచిదని నమ్మడమే ఆయనతో వచ్చిన చిక్కు. ఒక ఆదివారం పొద్దున వచ్చి, చొక్కా జేబులోంచి చిన్న గాజుసీసా తీసి బల్ల మీద పెట్టాడు. లోపల నల్లగా, పాకంలా ఏదో ఉంది. సీసా మీద కాగితం లేదు.

"ఇది గంజాయి నూనెమ్మా. కొండల అవతల నించి తెప్పించినా. ఒకాయనకి నాలుగో స్టేజి. డాక్టర్లు ఇంటికి తీసకపొమ్మన్నారు. మూడు నెల్లు ఇది పట్టినారు. ఇప్పుడు మోటార్‌సైకిల్ తోలతా ఉండాడు" అన్నాడు.

"ఆయన పేరేంది బావా?"

"పేరెందుకు నీకు?"

"ఫోన్ చేసి మాట్లాడతాను."

"నన్ను నమ్మవా?"

"నిన్ను నమ్ముతాను. సీసాని నమ్మను. ఇది ఆకు నూనెనా, పూత నూనెనా? కాచిందా, పచ్చిదా? ఒక చుక్కలో ఏది ఎంత ఉండాది?"

ఆయన నాకేసి కాకుండా తమ్ముడికేసి చూశాడు. "ఈ చదువే చంపతా ఉండాది మీ ఆవిడని" అన్నాడు.

నేను అడిగిన ప్రశ్నలు చదువు చూపించుకోవడానికి అడిగినవి కావు. ఆరోజు మందుల కవరు వెనక బొమ్మ గీసి బావకు చెప్పిందే ఇక్కడా చెబుతాను. గంజాయిలో ఆడమొక్కలు, మగమొక్కలు వేరువేరు. ఆడమొక్క పూత మీద కంటికి మంచు పట్టినట్టు కనిపించేవి నిజానికి వెంట్రుకలు. భూతద్దం కింద చూస్తే ఒక్కో వెంట్రుకా గుండుసూదిలా ఉంటుంది, కింద కాడ, పైన గుండ్రటి తల. ఆ తలలో ఉన్న కణాలే ఫ్యాక్టరీ. అవి రెండు రకాల ముడిసరుకును జతచేస్తాయి. ఒకటి కొవ్వు పదార్థాల దారిలో వస్తుంది. రెండోది పూలకూ ఆకులకూ వాసనలిచ్చే పదార్థాల దారిలో వస్తుంది. రెండూ కలిసి ఒక తల్లి ఆమ్లం తయారవుతుంది. దాన్ని మొక్కలోని ఒక ఎంజైము పట్టుకుంటే మత్తెక్కించే పదార్థపు ఆమ్లం అవుతుంది. ఇంకొక ఎంజైము పట్టుకుంటే మత్తు ఇవ్వని, కొన్ని మూర్ఛలకు మందుగా వాడుతున్న పదార్థపు ఆమ్లం అవుతుంది. ఏ మొక్కలో ఏ ఎంజైము పనిచేస్తుందో దాని పుట్టుకలోనే ఉంటుంది. పక్కపక్కన పెరిగిన రెండు మొక్కలు రెండు వేరువేరు సరుకులు తయారుచేయొచ్చు.

ఇదంతా మొక్క మనకోసం చేయదు. పురుగుల నుంచి, ఎండ నుంచి కాపాడుకోవడానికని అంటారు. పూర్తిగా ఎవరికీ తెలియదు. ఇంకో సంగతి. పచ్చిమొక్కలో ఆ మత్తు పదార్థం దాదాపు ఆమ్లంగానే ఉంటుంది. వేడి తగిలితేనే అసలు రూపానికి వస్తుంది. కాబట్టి నూనె ఎంతసేపు కాచారన్నదాన్ని బట్టి అదే ఆకు, అదే పూత ఒక సీసాలో ఏమీ చేయకపోవచ్చు, ఇంకో సీసాలో మనిషిని పడగొట్టొచ్చు. మన ఒళ్లు కూడా ఇలాంటి పదార్థాలను కొద్దికొద్దిగా తయారుచేసుకుంటుంది. వాటికోసం మెదడులో, నరాల్లో తలుపులు ఉన్నాయి. మొక్క సరుకు ఆ తలుపులే తడుతుంది. నొప్పి, వాంతి, ఆకలి, భయం, అన్నీ ఆ తలుపుల వెనకే. అందుకే దానికి మందయ్యే గుణం ఉంది, అందుకే దానితో ఆటలాడకూడదు.

బావ బొమ్మను చూడలేదు. "అద్దంలో నీ మొఖం చూసుకున్నావామ్మా? ఆ ఎర్రమందు నిన్ను తినేస్తా ఉండాది. అది మానుకో. ఇది పట్టు" అన్నాడు.

"మానను."

"శీనయ్యా, నువ్వన్నా చెప్పు."

శ్రీనివాసులు సీసాకేసి చూస్తూ కూర్చున్నాడు. బావ సీసా అక్కడే వదిలేసి వెళ్లాడు. దాన్ని పారబొయ్యమని శ్రీనివాసులుకు చెప్పాను. సరేనన్నాడు. పారబొయ్యలేదు. తన పనిముట్ల పెట్టెలో స్పానర్ల కింద దాచాడు. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది.

అక్టోబరు

మూడో కీమో అయిన అయిదో రోజు. అప్పటికి నలభై కేజీలకు దిగాను. శ్రీనివాసులు సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాడు. మధ్యాహ్నం రాగిజావ తెచ్చాడు. కొద్దిగా చేదు తగిలింది. ఆ రోజుల్లో నాకు అన్నీ ఏదో ఒక రుచి తగిలేవి కాబట్టి అడగలేదు. గ్లాసు మొత్తం తాగానని అతని ముఖం వెలిగింది. ఆ వెలుగు చూసి నేనూ సంతోషించాను.

గంటన్నర తర్వాత, పక్కింట్లో కుక్కరు విజిల్ వేసింది. రెండో విజిల్ కోసం ఎదురుచూస్తూ పడుకున్నాను. అది రావడంలేదు. ఒక గంట, రెండు గంటలు గడిచినట్టనిపించింది. గడియారం చూస్తే రెండు నిమిషాలు. గుండె గొంతులో కొట్టుకోవడం మొదలైంది. గోడలు దూరంగా జరిగాయి. చేతులు నావి కానట్టున్నాయి. ఎర్రమందు గుండెను పట్టుకుంది, ఇక అయిపోయింది అనుకున్నాను. అతన్ని పిలవాలనుకున్నాను కానీ పిలిచానో, పిలిచినట్టు అనుకున్నానో తెలియలేదు. లేచి నాలుగడుగులు వేసి గడప మీద పడ్డాను. కనుబొమ్మ చీలింది.

ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయారు. డ్యూటీలో కుర్ర డాక్టరు. గుండె పట్టీలు అంటించాడు, ఫైలు తిరగేశాడు, కీమో మందు పేరు చూసి ముఖం బిగించాడు.

"ఈరోజు కొత్త మందు ఏదైనా ఇచ్చారా?"

నేను తల అడ్డంగా ఊపాను.

"గుండెకు మందు ఎక్కించాలా వద్దా ఇప్పుడు తేల్చుకోవాలి నేను. ఏదైనా ఉంటే ఇప్పుడే చెప్పండి. తర్వాత చెప్పి ఉపయోగం లేదు."

అప్పుడు శ్రీనివాసులు గొంతు వినబడింది. ఇరవైరెండేళ్ల కాపురంలో ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

"గంజాయి నూనె సార్. జావలో కలిపినా. మొన్న రెండు చుక్కలేస్తే ఏం కాలేదు. నిన్న నాలుగు. ఈరోజు ఒక చెంచా వేసినాను."

"ఆమెకు చెప్పారా?"

"చెప్తే తాగదు సార్."

డాక్టరు నాకేసి వంగాడు. "అమ్మా, ఇది మత్తు. గుండెకేం కాలేదు. భయంగా ఉంటుంది కానీ దిగిపోతుంది. నేనిక్కడే ఉంటాను" అన్నాడు. చీకటి పడేదాకా ప్రతి పావుగంటకూ వచ్చి ఆ మాటే చెప్పిపోయాడు. ఆ అబ్బాయి పేరు నాకు గుర్తులేదు. ఆ మాట గుర్తుంది.

భయం దిగాక కోపం వచ్చింది. గడ్డ నన్ను అడక్కుండా వచ్చింది. రొమ్ము తీయడానికి నేను సంతకం పెట్టాను. ఎర్రమందుకు నేను సంతకం పెట్టాను. ఆ ఏడాది నా ఒంటి మీద నాకు మిగిలిన అధికారం ఆ సంతకం ఒక్కటే. దాన్ని నా ఇంట్లో, నా మనిషి, చెంచాడు నూనెతో తీసేశాడు.

రక్తపరీక్షల్లో లివరు తేడా చూపించింది. నాలుగో కీమో రెండు వారాలు వెనక్కిపోయింది. నూనెవల్లనా, కీమోవల్లనా అన్నది చెప్పలేమంది డాక్టరమ్మ.

నవంబరు

నాయన దగ్గరకు వెళ్లిపోయాను. ఉదయగిరి కొండ కనబడే వాకిట్లో మంచం వేయించుకుని పడుకున్నాను. శ్రీనివాసులు రోజూ ఫోన్ చేసేవాడు. నేను ఎత్తేదాన్ని కాదు. నాలుగోరోజు మనిషే వచ్చాడు. గొర్రెలు దొడ్డి వదిలే వేళ. నాయన ఒక గొర్రె నోరు తెరిచి కడుపు పురుగులకు నట్టల మందు పోస్తున్నాడు. శ్రీనివాసులు అక్కడే నిలబడిపోయాడు.

"మామా, తప్పయిపోయింది. వాంతి చేసుకుంటా ఉంటే చూడలేకపోయినా. ఆమె పోతే నాకెవురుండారు?"

నాయన గొర్రెను వదిలి, చేతులు తువ్వాలుకు తుడుచుకున్నాడు. "అబ్బాయా, నేను వీటికి నోరు తెరిచి పోస్తా. వీటినేమీ అడగను. అడిగినా చెప్పలేవు. నా బిడ్డ గొర్రె కాదు. దానికి నోరుండాది. అడగాల" అన్నాడు. అంతే, మంద వెంట వెళ్లిపోయాడు.

శ్రీనివాసులు మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. నేనే మాట మొదలుపెట్టాను. "వచ్చే గురువారం నెల్లూరు పోతాను. నువ్వూ రావాల. నేను డాక్టరమ్మను ఒకటి అడుగుతాను. నువ్వు మధ్యలో మాట్లాడకూడదు."

గురువారం డాక్టరమ్మకు జరిగిందంతా చెప్పి, అడిగాను. "ఈ మొక్కలో నా వాంతికి, నా నొప్పికి పనికొచ్చేది ఏదైనా ఉందా? ఉంటే సరైన దారిలో వాడాలనుకుంటున్నాను."

శ్రీనివాసులు ఉలిక్కిపడ్డాడు. "అంత జరిగినాక మళ్లా అదా?"

"అందులో మొక్క తప్పేముంది? ఆరోజు చెప్పకుండా పెట్టినారు. ఈరోజు నేను అడుగుతున్నాను."

డాక్టరమ్మ నవ్వలేదు, తిట్టలేదు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "కీమో వాంతులకు, నరాల నొప్పికి, కొన్ని రకాల మూర్ఛలకు కొంత ఆధారం ఉందమ్మా. కొన్నిటికి గట్టిది, కొన్నిటికి బలహీనమైనది. క్యాన్సర్‌ను తగ్గిస్తుందని చెప్పేవాళ్ల దగ్గర మనిషి మీద రుజువు లేదు. ముందు వాంతి మాత్రలు మారుస్తాను. అప్పటికీ తిండి పోకపోతే చూద్దాం" అంది.

మాత్రలు మారాక వాంతులు చాలావరకు తగ్గాయి. ఈ సంగతి గట్టిగా చెప్పాలి. నన్ను ముందు నిలబెట్టింది మామూలు మాత్రలు. తిండీ నిద్రా మాత్రం రాలేదు. అప్పుడామె తనకు తెలిసిన ఆయుర్వేద డాక్టరుతో మాట్లాడింది. ఆయుర్వేదంలో ఈ మొక్క ఆకును విజయ అంటారు. చట్టం పూతనూ బంకనూ ఒక రకంగా, ఆకును ఇంకో రకంగా చూస్తుంది. లైసెన్సుతో తయారుచేసిన ఆకు సారం చీటీ మీద దొరుకుతుంది. చీటీ ఆయన రాశాడు. ఏ రోజుల్లో ముట్టకూడదో, లివరు పరీక్ష ఎప్పుడెప్పుడు చేయించాలో డాక్టరమ్మ రాసింది. కీమో మందులతో కలిస్తే ఒకదాని పనిని ఇంకొకటి మార్చొచ్చని, తనకు చెప్పకుండా ఒక్క చుక్క కూడా పెంచొద్దని హెచ్చరించింది.

సీసా మీద కాగితం ఉంది. ఒక చుక్కలో ఏది ఎంతో రాసి ఉంది. రెండు చుక్కలతో మొదలుపెట్టాను. వారం తిరిగేసరికి రోజుకు ఒక పూట పప్పన్నం ముద్ద గొంతు దిగింది. తర్వాత రెండు పూటలు. నిద్ర పట్టింది. రెండో రకం కీమో మొదలయ్యాక అరికాళ్లలో మంట వచ్చింది, నిప్పుల మీద నిలబెట్టినట్టు. అది పోలేదు కానీ ఓర్చుకోగలిగేంతకు దిగింది. ఎంత ఈ సారంవల్ల, ఎంత మాత్రలవల్ల అంటే నేను చెప్పలేను. ఒక్క మనిషికి జరిగింది రుజువు కాదు. సైన్సు చెప్పేదాన్ని, ఆ మాట అనకపోతే నా ఉద్యోగానికే అవమానం.

జనవరి

తిరిగి ఇంటికీ కాలేజీకీ వచ్చాక కూడా నేను చాటుగా వాడలేదు. స్టాఫ్‌రూములో అందరి ముందే చుక్కలు వేసుకునేదాన్ని. దాంతో పుకారు పుట్టింది. ప్రిన్సిపాలు గదికి పిలిచాడు. పాతికేళ్లుగా కాలేజీ నడుపుతున్న జాగ్రత్తపరుడు.

"మేడమ్, పేరెంట్స్ ఫోన్లు చేస్తా ఉండారు. ఆ పేరు పిల్లల ముందర రాకుండా చూడండి."

"సార్, పిల్లలు ఇప్పటికే ఆ పేరు బజారులో వింటున్నారు. అమ్మేవాడి నోట వింటే మేలా, నా నోట వింటే మేలా?"

ఆ పీరియడ్‌కే వామాకు కోసుకుని క్లాసుకు పోయాను. ఆకు పొర సూక్ష్మదర్శిని కింద పెట్టి ఒక్కొక్కర్నీ చూడమన్నాను. వాసన ఎక్కడ తయారవుతుందో చూపించాను. తలలున్న వెంట్రుకలు చూసి ఒక అమ్మాయి నిలబడింది.

"మేడమ్, గంజాయిలో కూడా ఇట్టాంటివేనా?"

"ఇట్టాంటివే. నేను వాడే మందు ఆ మొక్క ఆకు నుంచే వస్తుంది. నాకు జబ్బుంది, చీటీ ఉంది, లెక్క ఉంది. మీ వయసులో మెదడు ఇంకా తయారవుతా ఉంటుంది. దాన్ని పీల్చితే ఆ మెదడే చెడుతుంది. ఒకే మొక్క, రెండూ నిజమే. ఇంకెవరికైనా అడగాలని ఉంటే ఇప్పుడే అడగండి."

గంట కొట్టేదాకా అడిగారు. ప్రిన్సిపాలు వరండాలో నిలబడి విన్నాడని తర్వాత తెలిసింది. మళ్లీ నన్ను పిలవలేదు.

మార్చి నుంచి ఇప్పటిదాకా

ఆఖరి కీమో, తర్వాత నెల్లూరులో గది తీసుకుని పెట్టించుకున్న కరెంటు. ఆ వారాల్లో శ్రీనివాసులుకు ఒక అలవాటైంది. ప్రతి మాత్రా చేతిలో పెట్టుకుని దాని పేరు పైకి చదివేవాడు. అక్షరాలు కూడబలుక్కుని, "ఇది మంటకి. ఇయ్యనా?" అనేవాడు. నేను ఊ అంటేనే నీళ్లిచ్చేవాడు. మొదట్లో చిరాకేసింది. క్షమించానా అంటే, ఒక్కరోజులో కాదు. ఆ "ఇయ్యనా" కొన్ని వందలసార్లు విన్నాక, ఎప్పుడో తెలియకుండా కోపం అరిగిపోయింది.

బావ పలకరించడానికి వచ్చినప్పుడు నేనే కాఫీ ఇచ్చి ఎదురుగా కూర్చున్నాను. "నువ్వు నా మంచి కోరే తెచ్చినావు బావా, కాదనను. కానీ ఆ సీసా ఇంకో ఇంటికి తీసకపోయినావని తెలిస్తే కలిగిరి సెంటర్లో నిలబడి అందరికీ చెప్తా, నాకేమైందో." కాఫీ సగం వదిలేసి వెళ్లాడు. పెళ్లిళ్లలో కనబడితే ముఖం తిప్పుకుంటాడు. నేను తిప్పుకోను.

పోయిన నెల పరీక్షల్లో ఏమీ లేదన్నారు. ఇంకా కొన్నేళ్లు చూపించుకుంటూ ఉండాలి. ఆకు సారం మానేశాను, అవసరం తీరింది. జుట్టు వంకీలు తిరిగి వచ్చింది, సగం తెల్లగా. రంగు వేయలేదు.

పుకారువల్ల ఒక మేలు జరిగింది. ఎవరెవరో నెంబరు సంపాదించి ఫోన్ చేస్తున్నారు. మొన్న ఆదివారం పొద్దున జలదంకి నుంచి ఒక అమ్మాయి చేసింది. వాళ్లమ్మకు కీమో నడుస్తోందట. ఎవరో మనిషి సీసా ఇచ్చి పోయాడట.

"మేడమ్, మీకు ఈ నూనె సంగతి తెలుసంట కదా. పాలల్లో ఎన్ని చుక్కలెయ్యాల?"

"మీ అమ్మకు చెప్పినావా?"

"లేదు మేడమ్. చెప్తే తాగదు."

"ఆమె లేచుండాదా?"

"ఉండాది. వాకిట్లో కూర్చోనుండాది."

"ఫోన్ ఆమెకియ్యి."

"అది కాదు మేడమ్, ఆమెకి ఇయన్నీ అర్థం కావు..."

"ఇయ్యమ్మా ముందు."

చెప్పుల చప్పుడు, తలుపు కిర్రుమనడం, ఎక్కడో కోడి కూత. తర్వాత ఒక నీరసమైన గొంతు, కానీ గట్టిగానే, "ఎవురూ?" అంది.

"అమ్మా, నా పేరు కామాక్షి. నేనూ ఎర్రమందు ఎక్కించుకున్నదాన్నే. మీ కూతురు మీకొకటి ఇయ్యాలనుకుంటా ఉండాది. అదేందో ముందు మీకు చెప్తాను. విని, కావాలో వద్దో మీరు చెప్పండి."